భద్రాచలానికి రైలు వంతెన రాబోతోంది.. గోదావరి వెనక్కి తన్నితే పరిస్థితేంటి? 43 అడుగుల లెక్క ఏం చెబుతోంది?

జూలై వచ్చిందంటే న్యూస్ డెస్క్‌లో అందరి కళ్లూ ఒక్క నంబర్ మీదే ఉంటాయి. భద్రాచలం దగ్గర గోదావరి ఎన్ని అడుగులు? 43 దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 దాటితే రెండోది, 53 దాటితే మూడోది. స్క్రీన్ కింద స్క్రోలింగ్, పైన వంతెన మీద నుంచి లైవ్. మీరూ ఫోన్‌లో ఆ వీడియోలు చూసే ఉంటారు.

ఇప్పుడు ఆ ఫ్రేమ్‌లోకి మూడో వంతెన రాబోతోంది. ఒడిశాలోని మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం వరకు దాదాపు 173 కిలోమీటర్ల కొత్త రైల్వే లైన్‌కు 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఓకే చెప్పింది. మల్కన్‌గిరి గోదావరికి అటువైపు, పాండురంగాపురం ఇటువైపు. అంటే లైన్ నదిని దాటాల్సిందే. రాములోరి ఊరికి ఇన్నాళ్లకు రైలు వస్తోందంటే సంతోషమే. భద్రాచలం రోడ్ అనే స్టేషన్ పేరు చూసి కొత్తగూడెంలో దిగి, అక్కడి నుంచి బస్సెక్కి 40 కిలోమీటర్లు వెళ్లేవాళ్ల బాధ ఇక్కడి వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు.

అయితే వంతెన అనగానే మనం అడిగేవి రెండే ప్రశ్నలు. ఎన్ని కోట్లు? ఎప్పుడు పూర్తవుతుంది? మూడో ప్రశ్న ఎవరూ అడగరు. ఈ వంతెన నీళ్లను ఏం చేస్తుంది?

అసలు 43 అడుగులంటే ఏంటి?

భద్రాచలం గేజ్ మీద 43 అడుగులు అంటే సముద్ర మట్టం నుంచి లెక్కేస్తే 150 అడుగులు. మీటర్లలో 45.72. ఈ నంబర్ ఎక్కడో విన్నట్టు ఉందా? పోలవరం ప్రాజెక్టు పూర్తి స్థాయి నీటిమట్టం కూడా 45.72 మీటర్లే. అక్షరాలా అదే అంకె.

దీని అర్థం ఏంటంటే, పోలవరంలో నీళ్లు పూర్తిగా నింపి నిలబెడితే, ఆ నీటి ఉపరితలం నది పొడవునా అదే ఎత్తులో ఉందనుకుంటే, భద్రాచలంలో వరద లేని రోజున కూడా గేజ్ మీద మొదటి ప్రమాద హెచ్చరిక అంకె కనిపిస్తుంది. మొదటి దశలో నింపుతామంటున్న 41.15 మీటర్లకు కూడా ఇదే లెక్క వేస్తే, గేజ్ మీద 28 అడుగులు. మామూలుగా ఎండాకాలంలో ఇక్కడ ఇసుక తిన్నెల మీద నడుచుకుంటూ పోయి పాయలో స్నానం చేస్తారు. ఆ గోదావరి వేరు, రేపటి గోదావరి వేరు.

వరద సమయంలో గేట్లు ఎత్తేస్తాం కాబట్టి ఎగువన ప్రభావం ఉండదన్నది ఆంధ్రప్రదేశ్ మాట. స్పిల్‌వే డిజైన్‌ను 36 లక్షల క్యూసెక్కుల నుంచి 50 లక్షలకు పెంచారు కాబట్టి బ్యాక్ వాటర్ లెక్కలు మళ్లీ చేయాలన్నది తెలంగాణ, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వాదన. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 సెప్టెంబర్‌లో కోర్టు, రాష్ట్రాలను కూర్చోబెట్టి మాట్లాడమని కేంద్రానికి చెప్పింది. ఎవరి వాదన నెగ్గినా ఒకటి మాత్రం ఖాయం. ఇకపై భద్రాచలం దగ్గర గోదావరి ఎప్పుడూ ఒకే దిక్కుకు పరుగెత్తే నది కాదు. కొన్ని నెలలు నిలబడే నీరు. కొన్ని రోజులు వెనక్కి తన్నే నీరు.

వెనక్కి తన్నడం ఇక్కడి వాళ్లకు ఇప్పటికే తెలుసు. దిగువన కూనవరం దగ్గర శబరి ఉప్పొంగితే పైనున్న గోదావరి నీళ్లు కిందికి దిగవు. గోదావరి నిండుగా ఉంటే కిన్నెరసాని, చిన్న చిన్న వాగులు అందులోకి పోలేక వెనక్కి మళ్లి పొలాల మీద పడతాయి. దీన్ని ఎగపోటు అంటారు. వాన ఒక్క చుక్క పడకపోయినా ఊరు మునిగే పరిస్థితి ఇది.

భద్రాచలం పట్టణంలో దీనికి ఇంకో రూపం ఉంది. 1986 ఆగస్టు 16న గోదావరి 75.6 అడుగులకు చేరింది. ఇప్పటికీ అదే రికార్డు. ఆ దెబ్బ తర్వాత పట్టణం చుట్టూ కరకట్ట కట్టారు. కట్ట నదిని ఆపుతుంది, బానే ఉంది. కానీ నది ఎత్తు పెరగ్గానే కట్టలోని స్లూయిజ్ గేట్లు దించేయాలి. అప్పుడు ఊళ్లో పడిన వాన నీళ్లు బయటకు పోవు. రామాలయం పక్కన విస్తా కాంప్లెక్స్ దగ్గర మోటార్లు పెట్టి తోడే సీన్ ఏటా మనం చూపిస్తున్నదే. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, కింద కోనసీమకు వెళ్లినప్పుడు మళ్లీ కావాలి.

పిల్లర్ల కంటే కట్టే డేంజర్

వంతెన నదికి హాని చేస్తుందంటే చాలామంది పిల్లర్ల గురించి అనుకుంటారు. నిజమే, పిల్లర్లు నీటికి అడ్డమే. వాటి వల్ల ఎగువన నీటి మట్టం కొంచెం పెరుగుతుంది. పిల్లర్ మొదట్లో సుడులు తిరిగి ఇసుక కోసుకుపోతుంది. ఇంజినీర్లు దీనికి లెక్కలు కట్టే పునాదులు దింపుతారు. మన దేశంలో ఇప్పటికీ ఎక్కువగా వాడే సూత్రం జెరాల్డ్ లేసీ అనే బ్రిటిష్ ఇంజినీర్ 1930 ప్రాంతంలో ఇచ్చింది. ఒండ్రు నేలలో పారే నదికి వరద ప్రవాహాన్ని బట్టి ఎంత వెడల్పు దారి వదలాలో, ఎంత లోతు కోత పడుతుందో అది చెబుతుంది.

1986లో భద్రాచలం దాటిన 27 లక్షల క్యూసెక్కులను ఆ సూత్రంలో పెడితే సుమారు 1,300 మీటర్ల దారి కావాలని వస్తుంది. ఇక్కడి పాత వంతెన పొడవు కిలోమీటరు పైచిలుకు. అంటే రెండూ దగ్గర దగ్గరే. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన ఆ పాత వంతెన 1986నూ చూసింది, 2022 జూలై 16న వచ్చిన 71.3 అడుగులనూ చూసింది. రెండుసార్లూ రాకపోకలు ఆపాల్సి వచ్చింది గానీ, వంతెన నిలబడింది. పక్కనే 2015లో మంజూరైన రెండో వంతెన మీదకు వాహనాలు వచ్చేసరికి 2024 శ్రీరామనవమి అయింది.

కాబట్టి వంతెన కూలుతుందేమో అన్న భయం ఇక్కడ అసలు పాయింట్ కాదు. పాయింట్ ఏంటంటే, నది పాయలో నీళ్లు ఎన్ని పడతాయో లెక్కేస్తున్నాం, పాయ దాటి పక్క పొలాల మీద పరుచుకునే నీళ్ల సంగతి లెక్కేయడం లేదు. 70 అడుగుల వరదలో గోదావరి రెండు గట్ల మధ్య ఉండదు. సారపాక, బూర్గంపాడు వైపు ఊళ్ల మీదుగా పారుతుంది. ఆ మైదానానికి అడ్డంగా రోడ్డు కట్టో, రైలు కట్టో వేస్తే అది ఆనకట్టతో సమానం. పైన నీళ్లు నిలుస్తాయి, కట్టకు ఉన్న ఒకటి రెండు కల్వర్టుల్లోంచి తోసుకొస్తాయి.

రోడ్డు కట్ట ఎత్తు తక్కువ. పెద్ద వరదలో నీళ్లు దాని మీద నుంచి దూకి పోతాయి. రైలు కట్ట అలా కాదు. పట్టాలు మునగకూడదు కాబట్టి కట్టను గరిష్ఠ వరద మట్టం కంటే ఎత్తులో పోస్తారు. నీళ్లకు మీద నుంచి దారి ఉండదు. అందుకే రైలు వంతెనకు నదిలో ఎన్ని స్పాన్లు అన్న లెక్క కంటే, నది బయట ఎంత దూరం స్తంభాల మీద వెళ్తుంది, ఎక్కడ మట్టి కట్ట మొదలవుతుంది అన్నదే ఊళ్ల ప్రాణం మీదకు తెచ్చే విషయం.

ఇక కోనసీమకు వెళ్దాం

భద్రాచలం దాటిన వరద సుమారు ఒక రోజులో ధవళేశ్వరం చేరుతుంది. బ్యారేజీ దిగాక గోదావరి పాయలుగా చీలుతుంది. గౌతమి, వశిష్ఠ, వైనతేయ. అక్కడి నుంచి రూల్ మారిపోతుంది. పై నుంచి నది వస్తుంది, కింద నుంచి సముద్రం వస్తుంది.

సముద్రం ఎక్కడం పోటు, దిగడం పాటు. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. అంటే 24 గంటల్లో నీళ్లు నాలుగుసార్లు దిక్కు మార్చుకుంటాయి. మన తీరంలో పోటుకూ పాటుకూ తేడా మీటరు, మీటరున్నర. గుజరాత్‌లోని ఖంభాత్ గల్ఫ్‌తో పోలిస్తే ఇది చాలా చిన్నది. కానీ కోనసీమ నేల ఎంత పల్లమో తెలిసిన వాళ్లకు ఆ మీటరు ఎంత పెద్దదో కూడా తెలుసు.

కాకినాడ పక్కన కోరింగ మడ అడవి బతికేది ఆ మీటరు మీదే. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవి విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. పోటుకు ఉప్పునీళ్లు కాల్వల్లోకి ఎక్కి, పాటుకు దిగిపోవాలి. చెట్టు మొదలు రోజులో కాసేపు మునగాలి, కాసేపు తేలాలి. ఎప్పుడూ మునిగే ఉన్నా చస్తుంది, ఎప్పుడూ తేలే ఉన్నా చస్తుంది. రొయ్య పిల్లలు, పీతలు, బావురు పిల్లులు, నీటి కుక్కలు అన్నీ ఈ టైంటేబుల్ మీద ఆధారపడినవే. మడ అడవిలో ఒక్క చెట్టు కూడా కొట్టకుండా, ఒక కాల్వకు అడ్డంగా కట్ట పోసి చిన్న తూము పెడితే చాలు. కొన్నేళ్లలో కట్టకు లోపలివైపు అడవి దానంతటదే ఎండిపోతుంది. రికార్డుల్లో మాత్రం నరికిన చెట్లు సున్నా.

పులస సంగతీ అంతే. వరద ఎర్రనీళ్లు సముద్రంలో కలిసే సీజన్‌లో ఈ చేప ఎదురీదుకుంటూ గౌతమి, వశిష్ఠల్లోకి వస్తుంది. ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ గోడ తగిలి ఆగిపోతుంది. దానికి మిగిలింది ఆ కాస్త దూరమే. అందులో వంతెన పనుల కోసం సీజన్‌లోనే సగం పాయకు అడ్డంగా మట్టి కట్ట వేస్తే ఆ ఏడు వేట ఏమవుతుందో యానాం మత్స్యకారుల్ని అడిగితే చెబుతారు.

మనుషుల కష్టం ఇంకోలా ఉంటుంది. కోనసీమ పొలాల మురుగు నీళ్లు డ్రెయిన్ల ద్వారా నదిలోకి, సముద్రంలోకి పోవాలి. పోటు ఉన్నంతసేపు పోవు. పాటు కోసం ఆగి, ఆ కొన్ని గంటల్లో దిగిపోవాలి. భద్రాచలం కరకట్ట స్లూయిజ్ గుర్తుందా? అదే కథ, కాకపోతే ఇక్కడ రోజుకు రెండుసార్లు. దీనికి తోడు పైనుంచి భద్రాచలం వరద అదే రోజు వస్తే పాటు సరిగ్గా రాదు, డ్రెయిన్లు దిగవు, వరి చేలో నీళ్లు అలాగే ఉంటాయి. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు ఈ మురుగు సమస్య గురించి కూడా గట్టిగానే మాట్లాడారు.

ఇక్కడ వంతెనలు కొత్త కాదు. యానాం దగ్గర ఎదుర్లంక వంతెన 2002లో వచ్చింది, దానికి జీఎంసీ బాలయోగి పేరే పెట్టారు. వశిష్ఠ మీద చించినాడ వంతెన ఉంది. ఇవి లేకపోతే కోనసీమ ఇంకా పడవల మీదే ఉండేది. ఇప్పుడు నడుస్తున్నది కోటిపల్లి - నరసాపురం రైల్వే లైన్. 2000-01లో మంజూరైంది, 57 కిలోమీటర్లు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడింటినీ దాటాలి. మూడూ పోటు ఎక్కే పాయలే. నదుల్లో పనులు జరిగాయి గానీ లైన్ మాత్రం పాతికేళ్లయినా పూర్తి కాలేదు. అందరూ ఆలస్యం గురించే మాట్లాడుతున్నారు. నాకైతే మూడు వంతెనల మధ్య మిగిలిన లైన్ గురించే ఎక్కువ డౌట్. ఆ కట్ట ఎన్ని డ్రెయిన్లను దాటుతుంది? ప్రతి డ్రెయిన్‌కూ పాటు సమయంలో దిగాల్సిన నీళ్లు దిగేంత దారి ఉందా?

లేసీ సూత్రం దీనికి సమాధానం చెప్పదు. అది ఒకే దిక్కుకు పారే నీళ్ల కోసం పుట్టింది. పోటు నీళ్లకు చూడాల్సింది వేరు. పోటుకు లోపలికి ఎంత నీరు ఎక్కుతోంది, పాటుకు అంతా తిరిగి దిగుతోందా, వంతెన కట్టాక ఆ రెండు అంకెలు మారతాయా? కనీసం ఒక పౌర్ణమి, ఒక అమావాస్య, ఒక వరద సీజన్ కొలవకుండా ఇది తేలదు. కాగితం మీద అయ్యే పని కాదు.

మరి చట్టం ఏం చెబుతోంది?

ఇక్కడే ఆశ్చర్యం. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్‌లో జాతీయ రహదారులు ఉన్నాయి, డ్యాములు ఉన్నాయి, పెద్ద బిల్డింగులు ఉన్నాయి. రైల్వే లైన్లు లేవు. వంతెన అనే పేరుతో విడిగా ఒక పద్దే లేదు. ఢిల్లీలో యమున మీద సిగ్నేచర్ బ్రిడ్జి విషయంలో 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని నిర్మాణ ప్రాజెక్టుల కిందే చూడాలని చెప్పింది. కానీ పద్దు పద్దులాగే ఉంది.

అంటే మల్కన్‌గిరి - పాండురంగాపురం లైన్‌కు అటవీ భూమి తీసుకుంటే అటవీ అనుమతి కావాలి. చెట్లు లెక్కపెడతారు. నీళ్లు ఎవరూ లెక్కపెట్టరు. ఆ లైన్ మీద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టి, వరద మ్యాప్ గోడకు అంటించి చూపించాలన్న రూల్ పర్యావరణ నోటిఫికేషన్ వైపు నుంచి లేదు.

తీరంలో కాస్త నయం. సీఆర్‌జెడ్ నిబంధనలు సముద్రం ఒడ్డునే కాదు, పోటు ఎక్కే నదుల వెంట కూడా వర్తిస్తాయి. ఎక్కడి దాకా? ఏడాదిలో బాగా ఎండిపోయిన సీజన్‌లో నీటిలో ఉప్పు వెయ్యికి 5 వంతులు ఉన్నంత దూరం. మంచి కొలమానమే. కానీ పోటు ప్రభావం ఉప్పు కంటే చాలా పైదాకా వెళ్తుంది. నీళ్లు తియ్యగానే ఉంటాయి, అయినా రోజుకు నాలుగుసార్లు దిక్కు మారతాయి. ఆ మధ్య భాగంలో కట్టే వంతెనకు సీఆర్‌జెడ్ అడ్డు రాదు. రైలు వంతెన అయితే పర్యావరణ మదింపు కూడా ఉండదు. రెండు చట్టాల మధ్య ఖాళీలో పడిపోతుంది.

మడ అడవిలోంచి రోడ్డు తప్పనిసరైతే పోయిన దానికి కనీసం మూడు రెట్లు మడ మొక్కలు నాటాలని 2019 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ చెబుతోంది. వినడానికి బావుంటుంది. ఎక్కడో నాటిన మొక్కలు ఇక్కడ ఆగిపోయిన కాల్వను తెరవవు కదా.

వేరేచోట్ల ఎలా చేశారు?

డెన్మార్క్, స్వీడన్ మధ్య ఓరెసుండ్ వంతెన 2000 జూలై 1న తెరుచుకుంది. ఆ జలసంధిలోంచే బాల్టిక్ సముద్రంలోకి ఉప్పునీళ్లు వెళ్తాయి. ఆ ఉప్పు తగ్గితే బాల్టిక్‌లో కాడ్ చేప గుడ్లు బతకవు. అందుకని డిజైన్‌కు ముందే ఒక షరతు పెట్టారు. వంతెన కట్టాక నీటి ప్రవాహంలో తేడా సున్నా ఉండాలి. పిల్లర్లు, కృత్రిమ దీవి ఎంత అడ్డం వస్తాయో లెక్కేసి, అంత దారి వచ్చేలా సముద్రం అడుగున వేరేచోట తవ్వారు. తవ్వేటప్పుడు నీళ్లలో కలిసే మట్టి 5 శాతం దాటకూడదని కూడా కాంట్రాక్ట్‌లోనే రాశారు.

అంత దూరం ఎందుకు, మన ముంబైలో 2024 జనవరి 12న ప్రారంభమైన అటల్ సేతు ఉంది. 21.8 కిలోమీటర్లలో సుమారు 16.5 కిలోమీటర్లు నీళ్ల మీదే. శివ్‌డీ దగ్గర బురద నేలల్లో ఫ్లెమింగోలు దిగుతాయని అక్కడ వంతెనకు శబ్దం ఆపే గోడలు పెట్టారు. దాని మీద విమర్శలు ఉన్నాయి, మడ అడవి కొంత పోయింది కూడా. అయినా బురద నేల మీద మట్టి కట్ట పోయకుండా స్తంభాల మీద వెళ్లడం వల్ల పోటు నీళ్లకు దారి మిగిలింది. ముంబైకి ఇవ్వగలిగిన స్తంభాలు కోనసీమకో, బూర్గంపాడుకో ఇవ్వలేమా అంటే, ఇవ్వలేమనే సమాధానం ఖర్చు కాలమ్‌లో దొరుకుతుంది. మట్టి కట్ట చవక. వంతెన ఖరీదు. కానీ ఆ కాలమ్‌లో మునిగిన పంట ఖర్చు, 2022 లాంటి ఏడాదిలో పునరావాస కేంద్రాల ఖర్చు రాయరు. అవి వేరే శాఖ పద్దులో పడతాయి.

భద్రాచలం చేతిలో ఉన్న ఒక దారి

పర్యావరణ మదింపు లేకపోయినా భద్రాచలం ప్రాంతానికి కోనసీమకు లేని ఒక అవకాశం ఉంది. ఇది ఐదో షెడ్యూల్ ప్రాంతం. 1996 నాటి పెసా చట్టం ప్రకారం అభివృద్ధి ప్రాజెక్టుకు భూమి తీసుకునే ముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలి. సాధారణంగా ఆ సభల్లో ఎకరాకు ఎంత ఇస్తారు అన్న దగ్గరే మాట ఆగిపోతుంది. అది తప్పేం కాదు, భూమి పోయేవాళ్లకు అదే ముందు.

కానీ భూమి పోని పక్క ఊరి వాళ్లు కూడా అదే సభలో అడగాల్సినవి ఉన్నాయి. రైలు కట్ట డిజైన్‌కు ఏ నీటి మట్టం తీసుకున్నారు? 1986 నాటి 75.6 అడుగులా, లేక పోలవరంలో 45.72 మీటర్లు నిలబెట్టి ఉండగా పైనుంచి అదే వరద వస్తే ఎంతవుతుందో అదా? ఈ రెండు అంకెలు ఒకటి కావు. కిన్నెరసాని, వాగులు ఎగపోటుతో వెనక్కి తన్నినప్పుడు కట్టలోంచి అటూ ఇటూ పోయేంత దారి ఎన్నిచోట్ల వదిలారు? నదిలో పునాదులు దింపేది ఎండాకాలంలో. పోలవరం నిండాక ఆ ఎండాకాలం నది ఇక్కడ ఉండదు. మరి పని ఏ నీళ్లలో చేస్తారు, తవ్విన మట్టి ఎక్కడ పోస్తారు?

లైన్ ఎటు వెళ్లాలో గీత గీసేశాక ఈ ప్రశ్నలు అడిగితే ఒకటి రెండు కల్వర్టులు పెరుగుతాయి, అంతే. గీత గీయకముందు అడిగితే కట్ట ఉండాల్సిన చోట స్తంభాలు వస్తాయి. రెండో వంతెన మంజూరు నుంచి ప్రారంభానికి 9 ఏళ్లు పట్టింది. ఒక వరద సీజన్ మొత్తం సారపాక నుంచి బూర్గంపాడు దాకా నీళ్లు ఎటు పోతున్నాయో కొలవడానికి పట్టేది నాలుగు నెలలు.